మొగలి

మొగలి ఏకదళబీజాలకు చెందిన ఒక సువాసన గల పొద. దీని శాస్త్రీయ నామం పాండానస్ ఒడోరిఫర్. ఇది పాండనేసి కుటుంబానికి చెందినది. పాత పుస్తకాలలో పాండానస్ ఒడొరాటిస్సిమస్, పాండానస్ ఫాసిక్యులారిస్ అనే పేర్లతో కూడా కనిపిస్తుంది. దక్షిణ ఆసియా తీరప్రాంతాలలో సహజంగా పెరిగే మొక్క ఇది. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పరిసరాలలో కాలువగట్లపైన, చెరువు అంచులలో, సముద్రతీరపు ఇసుకదిబ్బలలో మొగలి పొదలు పెరుగుతాయి. పువ్వు కోసం దీనిని కోరుకునేవారు ఎందరో, ముల్లు చూసి కొట్టివేసేవారు కూడా అందరే. ఆ కొట్టివేతలో పోయేది కేవలం ఒక ముళ్ళపొద కాదు. అందుకు కారణం ఈ మొక్కలో ఆడ, మగ వేరువేరుగా ఉండడం. ఆ సంగతి తెలియనిదే మొగలి పెంపకం గురించి ఏమి చెప్పినా అసంపూర్ణమే.

పేర్లు

సంస్కృతంలో కేతకి, హిందీలో కేవడా, తమిళంలో తాళై, కన్నడంలో కేదగె, మలయాళంలో కైత, ఒడియాలో కియా అని పిలుస్తారు. ప్రాచీన తెలుగులో గేదంగి అనే మాట కూడా ఉన్నది. ఆకులు కాండం చుట్టూ మరమేకు చుట్లవలె మెలి తిరిగి ఉండడం వలన ఆంగ్లంలో స్క్రూ పైన్ అంటారు. పాండానస్ అనే శాస్త్రీయ నామం మలయ్ భాషలోని పాండన్ అనే మాట నుండి వచ్చినది.

ఊరి పేర్లలో కూడా మొగలి నిలిచి ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మొగల్తూరుకు ఆ పేరు మొగలి పొదల వలననే వచ్చిందని చెబుతారు. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలంలోని మొగిలి గ్రామంలో మొగిలీశ్వరాలయం ఉన్నది.

వర్ణన

మొగలి సాధారణంగా మూడు నుండి ఆరు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కాండం కొమ్మలుగా చీలి పక్కలకు వాలుతుంది. ఆ బరువును మోయడానికి కాండం నుండి బొటనవేలి లావున, అంతకంటె లావుగా కూడా ఊడలు దిగి నేలలోకి దిగబడతాయి. మర్రి ఊడలు పైకొమ్మల నుండి వ్రేలాడితే మొగలి ఊడలు మొదలు దగ్గరనే ఏటవాలుగా దిగి గుంజలవలె చెట్టును నిలబెడతాయి. వదులు ఇసుకలో, తడి బురదలో ఈ పొద గాలికి పడిపోకుండా ఉండడానికి ఇవే ఆధారం.

ఆకులు కత్తివలె సన్నగా, ఒక మీటరు లేదా అంతకంటె ఎక్కువ పొడవుతో, కొమ్మల చివర గుత్తులుగా మూడు మెలికల వరుసలలో వస్తాయి. ఆకు రెండు అంచుల వెంట, అడుగున నడి ఈనె వెంట కూడా ముళ్ళు ఉంటాయి. కలబందకు, కిత్తనారకు నడి ఈనె మీద ముళ్ళు ఉండవు. పువ్వు లేని కాలంలో మొగలిని గుర్తుపట్టడానికి ఇది మంచి ఆనవాలు.

మగ మొక్క, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు పూసేదే మనం మొగలిపువ్వు అని పిలిచే పొత్తు. నిజానికి అది ఒక పువ్వు కాదు, అనేక చిన్న మగపూల కంకి. దాని చుట్టూ ఉండే లేత పసుపు, మీగడ రంగు రేకులు కూడా పూరేకులు కావు, కంకిని కప్పే పత్రాలు. మొగలిరేకు అని తెలుగువారు ముచ్చటపడేది ఈ పత్రాన్నే. ఆడ మొక్కకు ఇటువంటి సువాసన గల పొత్తు రాదు. దానికి అనాసపండును పోలిన గుండ్రని కాయ కాస్తుంది. అనేక చిన్న కాయలు ఒకే గుత్తిగా అతుక్కుని ఏర్పడిన ఈ కాయ పండినప్పుడు నారింజ లేదా ఎరుపు రంగుకు తిరుగుతుంది. విడిపోయిన ముక్కలు పీచుతో తేలికగా ఉండి నీటిలో తేలుతాయి. సముద్రపు అలలు, వరదనీరు వాటిని దూరతీరాలకు చేరుస్తాయి. తీరం పొడవునా ఎవరూ నాటని మొగలి కనిపించడానికి ఇది ఒక కారణం.

మూడు ఊళ్ళు, మూడు నేలలు

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టాలోనివే అయినా వాటి నేలలు ఒకటి కావు. మొగలి ఈ మూడింటిలోనూ బ్రతుకుతుంది, కాని ఒకే విధంగా కాదు.

తెనాలి చుట్టూ ఉన్నవి బరువైన నల్లరేగడి ఒండ్రు నేలలు. వరి, పసుపు, అరటి పండే ఈ భూములలో మొగలికి పొలంలో చోటు లేదు. దాని చోటు గట్టు. 1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయిన తరువాత (దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది) డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. తెనాలి పట్టణం గుండానే మూడు కాలువలు పారుతాయి. కాలువగట్టు మీద తేమ ఎప్పుడూ అందుతుంది, వేరు దగ్గర నీరు మాత్రం నిలవదు. మొగలికి కావలసినది సరిగ్గా ఇదే. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు కూడా లోతుగా దిగిన వేర్లు గట్టులోని చెమ్మతో పొదను నిలుపుతాయి. ఊడలు, వేర్లు మట్టిని పట్టి ఉంచడం వలన గట్టు కోసుకుపోవడం తగ్గుతుంది.

బాపట్ల వైపు వెళ్ళేకొద్దీ నేల ఇసుక పాలు అవుతుంది. సూర్యలంక తీరం వరకు వేరుశనగ, జీడిమామిడి, సరుగుడు తోటలు కనిపిస్తాయి. ఈ ఇసుకనేలలలో అడుగున ఉప్పునీరు, దానిపైన పలుచని పొరగా వాననీరు నిలుస్తాయి. రైతులు ఇసుకలో లోతు తక్కువ గుంటలు తవ్వి ఆ తీపినీటిని తోడుకుంటారు. వీటిని దొరువులు అంటారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రం ఈ పాత పద్ధతిని మెరుగుపరచి, ఇసుక అడుగున గొట్టాలు పరచి పైపొర నీటిని మాత్రమే సేకరించే విధానాన్ని రూపొందించింది. నాటిన మొదటి వేసవిలో మొగలి పిలకకు దొరువు నీరు పోయగలిగితే చాలు, ఆ తరువాత అది తనంత తాను నిలదొక్కుకుంటుంది. ఉప్పుగాలిని, వేడి ఇసుకను తట్టుకోగల పూలమొక్కలు మన తీరంలో ఎక్కువ లేవు.

రేపల్లె నుండి నిజాంపట్నం వరకు ఉన్నవి చవిటి కలిసిన బంకమట్టి నేలలు. సముద్రపు పోటునీరు నేరుగా వచ్చే చోట మడచెట్లు పెరుగుతాయి. వాటికి వెనుక, కొంచెం మెరక మీద, మొగలి మొదలవుతుంది. ఉప్పును కొంతవరకు సహిస్తుంది గాని మడవలె రోజూ ఉప్పునీటిలో నిలువలేదు. 1990ల నుండి ఈ ప్రాంతంలో రొయ్యల, చేపల చెరువులు విస్తరించినప్పుడు ఈ మెరకలు చెరువుగట్లుగా మారాయి. ఆ గట్లను సాధారణంగా ఖాళీగానే ఉంచుతారు.

పెంపకం

విత్తనం నుండి మొగలి మొలకెత్తుతుంది. అయితే మొలిచిన మొక్క ఆడదో మగదో పూత వచ్చేదాకా తెలియదు. అందువలన పువ్వు కోసం పెంచేవారు విత్తనాన్ని నమ్ముకోరు. బాగా పూసే మగ పొదను ముందుగా గుర్తించి, దాని మొదట్లో వచ్చే పిలకలను, లేదా చిన్న ఊడలతో ఉన్న కొమ్మలను కోసి నాటుతారు. పిలక నుండి వచ్చిన మొక్క తల్లి మొక్కవలెనే మగది అవుతుంది.

దీని పర్యవసానం గమనించదగినది. ఒక ఊరిలోని మగ పొదలన్నీ పోతే ఆ ఊరిలో మొగలిపువ్వు పోయినట్లే. తీరాన ఆడ పొదలు ఎన్ని మిగిలినా వాటి పిలకలు ఆడవే అవుతాయి. కొత్త పిలకల కోసం మళ్ళీ ఎక్కడో మగ పొదను వెతుక్కోవలసిందే. గట్టు శుభ్రం చేసేవారు పొదను చూస్తారు గాని అది మగదా ఆడదా అని చూడరు. 2000ల చివర డెల్టా కాలువల ఆధునికీకరణ మొదలైనప్పుడు గట్లను వెడల్పు చేయడం, కాలువలకు కాంక్రీటు పూత వేయడం చేపట్టారు. సాగునీటికి ఆ పనుల అవసరం కాదనలేనిది. కాని తొలగించే పొదలో నాలుగు పిలకలు ముందుగా తీసి మరొక గట్టున నాటుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నాటడానికి అనుకూలమైన కాలం తొలకరి. అడుగున్నర నుండి రెండు అడుగుల పొడవు గల పిలకలను, ఆకుల చివరలు కత్తిరించి, గుంటలో కొద్దిగా పశువుల ఎరువు వేసి నాటాలి. పువ్వు కోసమైతే మొక్కకు మొక్కకు మూడు, నాలుగు మీటర్ల ఎడం ఉంచాలి. కంచె కోసమైతే ఇంకా దగ్గరగా నాటవచ్చును. బాపట్ల తీరంలో అక్టోబరు, నవంబరు నెలల వానలు కూడా కీలకం కాబట్టి తొలకరిలో పట్టిన మొక్క ఆ వానలకు పుంజుకుంటుంది. తెనాలి వైపు బంకనేలలో గట్టు మీద కాకుండా పల్లంలో నాటితే మొదలు కుళ్ళిపోతుంది.

నాటిన మూడు, నాలుగు సంవత్సరాలకు పూత మొదలవుతుంది. బాగా ఎదిగిన మగ మొక్క సంవత్సరానికి ముప్ఫై, నలభై పొత్తుల వరకు ఇస్తుంది. వానకాలపు పూత అన్నిటికంటె ఎక్కువ, వాసనలో మేలైనది కూడా అదే. తెగుళ్ళ బెడద తక్కువ. రైతుకు ఉండే అసలు ఇబ్బందులు రెండు. ఎండిన ఆకులు పొద చుట్టూ పేరుకుని వేసవిలో నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది. ఆ పేరుకున్న ఆకుల అడుగున ఎలుకలు చేరి పక్కనున్న వరిచేను మీద పడతాయి. ఏటా ఒకసారి ఎండుటాకు దులిపి, కింది కొమ్మలు నరికి, నేల కనిపించేటట్లు ఉంచితే రెండు బాధలూ తగ్గుతాయి. వరి రైతు మొగలిని ఇష్టపడకపోవడానికి ముల్లుకంటె ఎలుకే పెద్ద కారణం. ఆ మాట కాదని పొదను మెచ్చుకోవడం వలన ప్రయోజనం లేదు.

పువ్వు కోత

పొత్తు పూర్తిగా విచ్చుకోకముందే, తెల్లవారుజామున కోయాలి. కొడవలి కట్టిన దోటితో దూరం నుండి కోస్తారు. ఎండ ఎక్కేకొద్దీ వాసన ఆవిరై పోతుంది. మొగలి వాసనకు ముఖ్య కారణం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం. నూనెలో సగం కంటె ఎక్కువ భాగం అదే. తేలికగా గాలిలో కలిసిపోయే ఈ గుణం వలననే ఒక పొత్తు ఇల్లంతా ఘుమఘుమలాడిస్తుంది, ఆ గుణం వలననే మరునాటికి దాని విలువ సగం పోతుంది.

గంజాం ఉదాహరణ

ఇదే మొక్కను జీవనాధారంగా మార్చుకున్న ప్రాంతం ఒడిశాలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. నేటికీ బరంపురం, పరిసర గ్రామాలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. దేశంలో అత్తరు కోసం వాడే మొగలిపువ్వులో అత్యధిక భాగం ఈ ఒక్క జిల్లా తీరం నుండే వస్తుంది. గంజాం కేవడా పువ్వుకు, గంజాం కేవడా రూహ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

అక్కడ మొగలిని ఎక్కువగా పొలం సరిహద్దులలో కంచెగానే పెంచుతారు. పంట భూమిని దాని కోసం వదులుకోరు. తేడా అంతా పువ్వు కోసిన తరువాత జరిగే దానిలో ఉన్నది. బట్టీలు పల్లెలకు దగ్గరలోనే ఉండడం వలన ఉదయం కోసిన పువ్వు కొద్ది గంటలలోనే బట్టీకి చేరుతుంది. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో వేయి వరకు పొత్తులు వేసి, నీరు పోసి, మూతను బట్టతో, బంకమట్టితో మూసివేస్తారు. దాని నుండి తాడు చుట్టిన వెదురు గొట్టం ఒకటి భప్కా అనే మరొక రాగి పాత్రలోకి వెళుతుంది. భప్కాను నీళ్ళ తొట్టిలో ఉంచుతారు. కింద మంట పెట్టినప్పుడు సువాసనతో కూడిన ఆవిరి గొట్టం ద్వారా వెళ్ళి చల్లని పాత్రలో ద్రవమవుతుంది. భప్కాలో ముందుగా చందన తైలం ఉంచితే వాసనను అది పట్టుకుని కేవడా అత్తరు అవుతుంది. చందనం ప్రియమైన తరువాత దాని బదులు లిక్విడ్ పారఫిన్ వాడుక పెరిగింది. ఉత్త నీటిలో పట్టినది కేవడా జలం, అది బిర్యానీలో, మిఠాయిలలో వాడేది. ఏ తైలమూ కలపకుండా వేరు చేసిన అసలు నూనె రూహ్. రూహ్ చాలా స్వల్పంగా వస్తుంది, అందుకే ధర ఎక్కువ.

ఈ వ్యాపారానికి ఒడుదుడుకులు లేకపోలేదు. కేవడా సారం పెద్ద ఎత్తున పాన్ మసాలా, జర్దా తయారీకి వెళ్ళేది. 2012 నుండి రాష్ట్రాలు వరుసగా గుట్కాను నిషేధించాయి. కృత్రిమ సుగంధాలు చౌకగా దొరుకుతున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు ఆ మొగలి పల్లెలన్నీ దాని దారిలోనే ఉన్నాయి. అయినా కంచెగా ఉన్న మొక్క కనుక రైతు దానిని పెరికివేయవలసిన పని లేదు. ధర లేని సంవత్సరం అది కంచెగానే ఉంటుంది.

కృష్ణా డెల్టాలో ఇటువంటి బట్టీల వ్యవస్థ ఏర్పడలేదు. బాపట్ల పొదకు, గంజాం పొదకు జాతిలో భేదం లేదు. పువ్వును కొద్ది గంటలలో వాడుకునే ఏర్పాటు ఒకచోట ఉన్నది, మరొకచోట లేదు. అందువలన ఇక్కడి మొగలిపువ్వు జడ దాటి పోలేదు. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది, తీరపు నేలల మీద పరిశోధన జరుగుతున్నది. ఈ పంటను పరీక్షించి చూడడానికి ఇంతకంటె అనువైన చోటు ఆంధ్ర తీరంలో అరుదు.

ఇతర ఉపయోగాలు

రేకులను సన్నగా చీల్చి మడతలు పెట్టి జడలో అల్లడం తెలుగు స్త్రీల పాత అలంకారం. వాడిన రేకులను కూడా పారవేయక పట్టుచీరల మడతలలో, బట్టల పెట్టెలలో ఉంచేవారు. తాంబూలంలో వాడే కాచును మొగలి రేకుల నడుమ చుట్టి ఉంచి వాసన పట్టించడం కూడా ఉన్నది.

ముళ్ళు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టిన ఆకులతో కేరళలో చాపలు, బుట్టలు అల్లుతారు. డెల్టాలో చాప అనగానే తుంగచాప, ఈతచాప గుర్తుకు వస్తాయి గాని మొగలిచాప గుర్తుకు రాదు. ఊడల చివరను దంచి పీచు విడదీస్తే గోడలకు సున్నం వేసే కుంచె తయారవుతుంది. ఆ పీచు బుట్టలు కట్టడానికి కూడా పనికివస్తుంది. ఆయుర్వేదంలో కేతకీ తైలాన్ని తలనొప్పికి, కీళ్ళనొప్పులకు పైపూతగా చెప్పారు.

కంచెగా దీని వాడుక చాలా ప్రాచీనమైనది. కాళిదాసు మేఘసందేశంలో దశార్ణ దేశపు ఉద్యానవనాల కంచెలు మొగలిపూలతో తెల్లబారి కనిపించే వర్ణన ఉన్నది.

తీర రక్షణ

1977 నవంబరు 19న వచ్చిన తుఫాను ఉప్పెన కృష్ణకు ఆవలి ఒడ్డున దివిసీమను ముంచివేసింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి తీరంలో ఇసుకదిబ్బలే మొదటి గోడ. ఆ దిబ్బను నిలిపేది దాని మీద పెరిగే మొక్క. సముద్రం వైపున బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి, వాటి వెనుక మొగలి, ఆ వెనుక పెద్ద చెట్లు ఉండడం సహజమైన వరుస.

తీరం వెంట ఇప్పుడు ఎక్కువగా కనిపించేది సరుగుడు. ఇది పందొమ్మిదవ శతాబ్దిలో మన తీరంలో తోటలుగా పెరిగిన మొక్క. త్వరగా పెరిగి ఆదాయం ఇస్తుంది కనుక రైతు దానిని నాటడంలో తప్పు లేదు. అయితే కొన్ని సంవత్సరాలకు ఒకసారి తోటను మొత్తంగా నరికివేస్తారు. మళ్ళీ మొక్క ఎదిగేదాకా ఇసుక బట్టబయలుగా ఉంటుంది. మొగలిని అలా నరకవలసిన అవసరం రాదు. సరుగుడు తోటకు సముద్రం వైపున రెండు వరుసల మొగలి ఉంటే తోట నరికిన ఏడు కూడా ఇసుక కదలకుండా ఉంటుంది. ఆ రెండు వరుసలూ మగ పిలకలైతే పువ్వు అదనం. ఎగిరే ఇసుకను పట్టి ఉంచగలదే గాని, పెద్ద ఉప్పెనను ఏ పొదా ఆపలేదు.

నమ్మకాలు

మొగలిపువ్వును శివపూజకు వాడరు. శివలింగం అగ్రాన్ని చూశానని బ్రహ్మ పలికిన అబద్ధానికి కేతకి సాక్ష్యం చెప్పిందని, అందుకు శివుడు శపించాడని పురాణ కథ. మొగలి వాసనకు పాములు వస్తాయని ఒక గట్టి నమ్మకం ఉన్నది. పాము వచ్చేది పొద అడుగున ఉండే ఎలుకల కోసం, కప్పల కోసం, చల్లని నీడ కోసం. పువ్వు లేని ఆడ పొదలో కూడా పాము ఉండవచ్చును. కనుక కోతకు వెళ్ళేవారు కర్రతో పొదను కదిపి చూడడం మంచిదే.

పోలిక వలన పొరపాట్లు

బియ్యంలో వేస్తే బాసుమతి వాసన వచ్చే ఆకు అని ఇళ్ళలో కుండీలలో పెంచే మొక్క మొగలి కాదు. అది పాండానస్ అమరిల్లిఫోలియస్ అనే దగ్గరి జాతి. దాని ఆకులకు ముళ్ళు దాదాపుగా ఉండవు, వాసన పువ్వులో గాక ఆకులో ఉంటుంది. నికోబార్ దీవులలో ఆహారంగా వాడే పెద్ద కాయ కూడా ఇదే ప్రజాతిలోని మరొక మొక్కది. 2008 నుండి 2013 వరకు జెమినీ టీవీలో ప్రసారమైన మొగలిరేకులు అనే ధారావాహికకు పేరు మాత్రం ఈ పువ్వుదే.